తంబురా విన్న చెవికి సింథసైజర్

ఎలక్ట్రానిక్ సంగీతం కొత్తగా వినాలనుకునేవాళ్లకి మామూలుగా దొరికే సలహా ఒక పెద్ద జాబితా. టెక్నో, హౌస్, ట్రాన్స్, యాంబియెంట్, డ్రమ్ అండ్ బేస్ అంటూ పది శాఖలు, శాఖకి పది ఆల్బమ్‌లు. వంద పేర్లు చూడగానే సగం ఆసక్తి చచ్చిపోతుంది. మొదటి ఆల్బమ్‌లో ఎనిమిది నిమిషాలు ఒకే దరువు మోగేసరికి మిగతా సగమూ పోతుంది. కోల్‌కతా న్యూ టౌన్‌లో ఫ్లాటు తీసుకుని సెక్టర్ ఫైవ్ ఆఫీసుల్లో పనిచేసే మన కుర్రాళ్లు "అన్నా, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగితే నేను జాబితా ఇవ్వను, విమానాశ్రయం వైపు చెయ్యి చూపిస్తాను. దాని పక్కనే డమ్‌డమ్ ఉంది.

గ్రామఫోన్ కంపెనీ 1908లో సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టి, 1928లో దాన్ని డమ్‌డమ్‌కి తరలించింది. మన తాతల ఇళ్లల్లో కుక్క బొమ్మతో ఉండే హెచ్‌ఎంవీ రికార్డులు ఆ కంపెనీవే. 1982లో అదే కంపెనీ ఒక వింత ఎల్పీ విడుదల చేసింది. పేరు 'టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. వాయించినవాడు చరణ్‌జిత్ సింగ్, బొంబాయి సినిమా స్టూడియోల్లో గిటార్, కీబోర్డులు వాయించే మనిషి. ఆయన విదేశాల నుంచి తెచ్చుకున్న మూడు రోలాండ్ కంపెనీ యంత్రాలు తప్ప ఈ రికార్డులో దాదాపు ఇంకేమీ లేదు: పాట పాడే జూపిటర్-8, బేస్ వాయించే టీబీ-303, దరువు వేసే టీఆర్-808. రికార్డు అమ్ముడుపోలేదు, జనం మర్చిపోయారు. ఇరవై ఏళ్ల తర్వాత, 2002లో, ఎడో బౌమన్ అనే డచ్ రికార్డుల సేకర్తకి ఢిల్లీ దుకాణంలో ఒక ప్రతి దొరికింది. 2010లో ఆయన లేబుల్ దాన్ని మళ్లీ అచ్చు వేయడంతో ప్రపంచం నోరెళ్లబెట్టింది. ఆ సంగతికి మళ్లీ వస్తాను. ముందు రాగాల మాట.

ఆల్బమ్‌లో ఉన్నవి హిందుస్తానీ పేర్లు. వాటిని చూసి మనవాళ్లు బెదరక్కర్లేదు. భూపాలీ అంటే మన మోహనం. మాల్కౌంస్ అంటే హిందోళం. యమన్‌ని కల్యాణి అనుకుని వినండి. బైరాగికి మన రేవతి స్వరాలే. కళావతి అన్నది మన వలజి, మనకి అదే పేరుతో వేరే రాగం ఉంది కాబట్టి ఇక్కడ తికమక పడొద్దు. మధువంతి ధర్మవతికి దగ్గర, మేఘ్ మల్హార్ మధ్యమావతికి దగ్గర. హిందుస్తానీ తోడీ మాత్రం మన తోడి కాదు, శుభపంతువరాళి మేళం. లలిత్‌కి మనలో సరైన జోడీ లేదు. పాట ఒక్కోటి అయిదు నిమిషాల చొప్పున పది. పిల్లల కచేరీల్లోనో సినిమా పాటల్లోనో ఈ రాగాల్లో సగమైనా వినని తెలుగువాడు ఉండడు. ఇల్లు తెలిసిన ఊళ్లో దారి తప్పం కదా. మొదటి ఆల్బమ్‌గా దీన్ని చెప్పడానికి నా కారణం అదే.

ఇందులో అన్నిటికన్నా ఎక్కువ గమనించాల్సింది టీబీ-303ని. గిటారిస్టులు ఇంట్లో ఒంటరిగా సాధన చేసుకునేటప్పుడు పక్కన బేస్ వాయించేవాడు ఉండాలి కదా, ఆ మనిషికి బదులుగా రోలాండ్ దీన్ని తయారు చేసింది. ఆ పనికి ఇది పనికిరాలేదు. అసలు బేస్ గిటార్‌లా మోగదు, స్వరాలు ఎక్కించడం తలనొప్పి. 1984 నాటికి తయారీ ఆపేశారు. లోపల ఉన్నది ఒక్క ఆసిలేటరు. అది రంపపు పళ్ల ఆకారంలో గానీ చదరపు ఆకారంలో గానీ విద్యుత్ తరంగాన్ని పుట్టిస్తుంది. ఆ తరంగం ఫిల్టర్ గుండా వెళ్తుంది. వీటికి తోడు పదహారు గళ్ల సీక్వెన్సర్: ఒక్కో గడిలో ఒక స్వరం రాసుకుంటే యంత్రం వాటిని వరసగా, ఆపే వరకూ తిప్పి తిప్పి వాయిస్తుంది. దాని ప్రత్యేకత అంతా 'స్లైడ్' అనే మీటలో ఉంది. అది నొక్కితే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి యంత్రం గెంతదు, జారుతుంది. సింగ్ దీన్ని రాగానికి ఎందుకు వాడుకోగలిగాడో ఇక్కడే అర్థమవుతుంది. పాశ్చాత్య పాటలో కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, మారుతూ ఉండాలి. ఈ యంత్రంలో ఒకే వరస తిరుగుతుంటే అక్కడ అది లోపం. మన సంగీతంలో ఆధార షడ్జం కదలదు, కార్డుల గొడవే లేదు. తిరిగే వరస ఇక్కడ శ్రుతి పని చేస్తుంది. దాని మీద జారుడు స్వరాలు గమకానికి దూరపు చుట్టాలు.

దూరపు చుట్టాలే, దగ్గరివి కావు. 303 ఎంత దూరం జారినా ఒకే వ్యవధిలో జారుతుంది. వైణికురాలి వేలు అలా జారదు. కీబోర్డు స్వరాల ఇబ్బంది ఇంకా లోతైనది. కీబోర్డు అష్టకాన్ని పన్నెండు సమభాగాలు చేస్తుంది, భాగానికి 100 సెంట్లు. అందులో అంతర గాంధారం షడ్జానికి 400 సెంట్ల ఎత్తులో ఉంటుంది. ప్రకృతి సిద్ధమైన 5:4 నిష్పత్తిలో అదే గాంధారం 386 సెంట్ల దగ్గర పలుకుతుంది. తేడా 14 సెంట్లు. వినడానికి చిన్నదే, కానీ తంబురాకి అలవాటు పడ్డ చెవికి జూపిటర్-8 కల్యాణి కాస్త కరుకుగా తగలడానికి ఆ కాస్తా చాలు. సంగీతం నేర్చుకున్నవాళ్లు ఈ ఆల్బమ్ విని మొహం చిట్లిస్తే వాళ్లని తప్పు పట్టను. అయినా వినమనే అంటాను.

ఇప్పుడు నోరెళ్లబెట్టిన సంగతి. 303 అమ్ముడుపోక సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో చవగ్గా పడి ఉన్నప్పుడు షికాగోలో కొందరు నల్లజాతి కుర్రాళ్లు దాన్ని కొన్నారు. ఫిల్టర్ మీటల్ని అదే పనిగా తిప్పుతూ ఒక గీరుడు ధ్వని రాబట్టారు. ఫ్యూచర్ అనే ఆ బృందం 1987లో తెచ్చిన 'యాసిడ్ ట్రాక్స్' నుంచి యాసిడ్ హౌస్ అనే శైలి పుట్టింది. సింగ్ రికార్డు అంతకు అయిదేళ్ల ముందుది, ధ్వని అచ్చం అదే. సింగ్ రికార్డు మళ్లీ వచ్చినప్పుడు ఇది ఎవరో ఆకతాయి చేసిన నకిలీ అని, ఇంగ్లండ్ సంగీతకారుడు యాఫెక్స్ ట్విన్ పనే అయ్యుంటుందని కూడా కొందరు అనుమానించారు. నకిలీ కాదు. అలాగని "యాసిడ్ హౌస్‌ని కనిపెట్టింది భారతీయుడే" అని చంకలు గుద్దుకోవడం కూడా తప్పే. షికాగో కుర్రాళ్లు ఆ రికార్డు వినలేదు. ఒకే యంత్రం రెండు చోట్ల రెండు చేతుల్లో పడింది, రెండు చోట్లా దానిలో ఉన్న గుణమే బయటికి వచ్చింది. సింగ్ 2015లో చనిపోయాడు. చివరి ఏళ్లలో విదేశీ వేదికల మీద ఈ రాగాలే వాయించాడు. ఆ గౌరవం దక్కడం చూసిపోయాడు, సంతోషం.

ఫిల్టర్ అంటే ఏమిటో తెలిస్తే మిగతా ఆల్బమ్‌లు సులువు. అది చెప్పడానికి న్యూ టౌన్ నుంచి పాత నగరం నడిబొడ్డుకి, బౌబజార్‌కి వెళ్లాలి. విశాఖపట్నంలో బడి చదువు చదువుకున్న సి.వి. రామన్ 1907లో ప్రభుత్వ ఆర్థిక శాఖ ఉద్యోగిగా కలకత్తా వచ్చాడు. పొద్దున్నా సాయంత్రం బౌబజార్ వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ద కల్టివేషన్ ఆఫ్ సైన్స్ ప్రయోగశాలలో గడిపేవాడు. కాంతి దగ్గరికి రాకముందు ఆయన్ని పట్టుకున్నది ధ్వని. 1921లో తంబురా, వీణల మీద ఒక పత్రం రాశాడు.

ఏ తీగ మోగినా ఒక్క పౌనఃపున్యం రాదు. మూల స్వరంతో పాటు దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్ల పౌనఃపున్యాలు సన్నగా కలిసి మోగుతాయి. ఇంటర్ పుస్తకంలో అనుస్వరాలని చదువుకున్నవి ఇవే. తీగని ఏ బిందువు దగ్గర మీటుతామో అక్కడ కదలకుండా ఉండాల్సిన అనుస్వరాలు అసలు వినిపించకూడదని పాత సూత్రం. తంబురాలో మాత్రం అవి నిక్షేపంగా వినిపిస్తున్నాయని రామన్ చూపించాడు. కారణం బ్రిడ్జి, అంటే తీగ ఆనే వెడల్పాటి వంపు బల్ల. దాని మీద తీగ పూర్తిగా ఆనదు, పూర్తిగా వదలదు, ఒరుసుకుంటూ కంపిస్తుంది. తీగ కింద పెట్టే దారప్పోగు ఆ ఒరిపిడిని సరిచేస్తుంది. అందుకే మీటిన తర్వాత అనుస్వరాలు ఒకదాని వెనక ఒకటి పైకి లేచి దిగుతాయి. మంద్ర షడ్జం తీగ మీటితే అందులోంచి గాంధారం దానంతట అదే పలుకుతుంది. విద్వాంసులు దాన్ని స్వయంభూ గాంధారం అంటారు. అది అయిదో అనుస్వరం.

సింథసైజర్ ఫిల్టర్ చేసేది ఈ పనే. రంపపు పళ్ల తరంగంలో అనుస్వరాలన్నీ ఉంటాయి. రెండోది మూల స్వరంలో సగం బలంతో, మూడోది మూడో వంతు బలంతో, అలా తగ్గుతూ పోతాయి. ఫిల్టర్ ఒక గీత గీసి పైవాటిని కోసేస్తుంది. గీత దగ్గర ఉన్నవాటిని 'రెజొనెన్స్' మీట, మన భాషలో అనునాదం, ఉబ్బిస్తుంది. ఆ గీతని మెల్లిగా పైకి జరిపితే అనుస్వరాలు ఒక్కోటీ వెలిగి ఆరిపోతాయి. క్లబ్బులో జనం కేకలు వేసే ఆ "వావ్ వావ్" శబ్దం, తంబురా బ్రిడ్జి మీద దారప్పోగు చేసే పని, భౌతికశాస్త్రం చూపులో పక్కపక్క ఇళ్లు. మనం పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నదే.

ఈ ఎరుకతో వినాల్సిన రెండో ఆల్బమ్ ఫ్రాన్సుకి చెందిన జాన్ మిషెల్ జార్ 1976లో చేసిన 'ఆక్సిజెన్'. పారిస్‌లో ఇంట్లోనే ఏర్పాటు చేసుకున్న చిన్న స్టూడియోలో ఎనిమిది ట్రాకుల టేపు యంత్రం మీద తయారైంది. పాటలకి పేర్లు కూడా లేవు, ఒకటి నుంచి ఆరు భాగాలు. దరువు తక్కువ, గాలిలా నెమ్మదిగా కదిలే ధ్వనులు ఎక్కువ. ఇందులో ఫిల్టర్లు ఎక్కడ తెరుచుకుంటున్నాయో, ఎక్కడ మూసుకుంటున్నాయో చెవితో వెతకండి. పని నేర్పే ఆల్బమ్ ఇది. కొందరు దీన్ని లిఫ్టుల్లో వేసే సంగీతమని వెక్కిరిస్తారు. ఆ వెక్కిరింతలో కొంత న్యాయం ఉంది. అయినా మొదటిసారి వినేవాడికి ఇంత స్పష్టంగా ఫిల్టర్‌ని చూపించే రికార్డు ఇంకోటి నాకు తోచదు.

మూడోది జర్మనీలోని డుస్సెల్‌డార్ఫ్‌కి చెందిన క్రాఫ్ట్‌వెర్క్ బృందం 1981లో తెచ్చిన 'కంప్యూటర్ వరల్డ్'. ఇది సీక్వెన్సర్ పాఠం. ఎంత తక్కువ స్వరాలతో ఎంత పాట కట్టొచ్చో చూడాలంటే ఇదే. జేబు క్యాలిక్యులేటర్ మీద ఒక పాట, ఇంటి కంప్యూటర్ మీద ఒక పాట, వట్టి అంకెలు లెక్కపెట్టే పాట ఒకటి. బ్యాంకులు, పోలీసులు జనం వివరాలు యంత్రాల్లో పోగేస్తారన్న సంగతి మొదటి పాటలోనే ఉంది. ఏడాది తిరగకుండా న్యూయార్క్‌లో ఆఫ్రికా బంబాటా అనే డీజే క్రాఫ్ట్‌వెర్క్ వరసల్ని టీఆర్-808 దరువు మీద కూర్చి 'ప్లానెట్ రాక్' చేశాడు. హిప్‌హాప్‌కి ఎలక్ట్రానిక్ సంగీతానికి పెళ్లి అయింది అక్కడే.

ఇక బ్రిటిష్ సంగీతకారుడు బ్రయాన్ ఈనో. 1978 నాటి 'యాంబియెంట్ 1: మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' గురించి కాస్త ఎక్కువ చెబుతాను. విమానాల దారి కింద ఉండే న్యూ టౌన్‌లో దీన్ని వినడంలో ఒక పెంకితనం ఉంది, అదొక్కటే కారణం కాదు. ఈ ఆల్బమ్‌లో యంత్రం స్వరం వాయించడమే కాదు, రచన కూడా కొంత తనే చేస్తుంది. ఈనో కొన్ని స్వరాల్ని విడివిడిగా టేపు మీద రికార్డు చేసి, ఒక్కో టేపునీ వలయంగా అతికించి, తిరుగుతూ ఉండమని వదిలేశాడు. వలయాల పొడవులు వేరు వేరు. తర్వాత ఒక ప్రసంగంలో ఆయన చెప్పిన లెక్క ప్రకారం ఒక స్వరం ఇరవై మూడున్నర సెకన్లకి ఒకసారి వస్తుంది. ఇంకోటి 25 సెకన్ల మీద ఎనిమిదింట ఏడు వంతులకి, మూడోది 29 సెకన్ల మీద పదహారింట పదిహేను వంతులకి వస్తాయి. మన తాళంలో ఆవర్తనాలు ఎంత గజిబిజిగా అల్లినా సమానికి వచ్చి తీరాలి. ఇక్కడ ఈ మూడూ సమానికి ఎప్పుడొస్తాయి? బళ్లో నేర్చుకున్న క.సా.గు. కట్టి చూడండి. సెకనులో పదహారో వంతుల్లోకి మారిస్తే 376, 414, 479 అవుతాయి. వీటి క.సా.గు. 3,72,81,528. మళ్లీ సెకన్లలోకి తెస్తే ఇరవై మూడు లక్షల ముప్పై వేల పైచిలుకు. అంటే దాదాపు 27 రోజులు. చంద్రుడు అశ్విని నుంచి బయల్దేరి ఇరవై ఏడు నక్షత్రాలూ చుట్టి రావడానికి ఇంచుమించు అంతే పడుతుంది. మూడంటే మూడు స్వరాల చిన్న టేపులు ఇన్ని రోజులపాటు ఒకసారి పలికిన కలయికని మళ్లీ పలకవు. ఆల్బమ్‌లో మనకి వినిపించేది అందులో కొన్ని నిమిషాల ముక్క. పాట ఎక్కడికీ పోవడం లేదని విసుక్కునేవాళ్లు ఈ లెక్క తెలిశాక ఓపిగ్గా వింటారని నా అనుభవం. కొందరు నిద్రపోతారు, దానికీ ఈనోకి అభ్యంతరం ఉండదు.

మన దేశంలో ఎలక్ట్రానిక్ సంగీతానికి తొలి గది అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో ఉండేది. 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అక్కడ మూగ్ సింథసైజర్ నెలకొల్పాడు. ఆ యంత్రంలో స్వరం అంటే వోల్టేజి: ఒక వోల్టు పెంచితే ఒక అష్టకం పైకి పోతుంది. మెట్లు లేవు కాబట్టి గమకానికి అడ్డం లేదు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా దాని మీద ప్రయోగాలు చేశారు. మూడు నాలుగేళ్లలో ఆ పని ఆగిపోయింది. టేపులు సంస్థ భాండాగారంలో ఉండిపోయాయి. బ్రిటిష్ కళాకారుడు పాల్ పర్గస్ వాటిని వెతికి తీశాక 2023లో 'ద ఎన్‌ఐడీ టేప్స్' పేరుతో ఆల్బమ్ వచ్చింది. చరిత్రగా ఇది అమూల్యం. కానీ కొత్తవాళ్లకి మొదటి నెలలో ఇవ్వను. చాలా చోట్ల ఇది వర్క్‌షాపులో మనిషి పరికరాన్ని పరీక్షిస్తున్నట్టే ఉంటుంది. శర్మ చేసిన 'డాన్స్ మ్యూజిక్' ముక్కలు మాత్రం వదలొద్దు. టెక్నో అనే మాట పుట్టకముందే ఆ పోకడ వాటిలో ఉంది.

ఇంత సీరియస్‌గా విన్నాక కోల్‌కతా అమ్మాయి గొంతు ఒకటి వినండి. రూపా బిశ్వాస్ ఇక్కడి గాయని. కెనడాలోని కాల్గరీకి వెళ్లినప్పుడు సరోద్ విద్వాంసుడు ఆశీష్ ఖాన్, తబలా ప్రాణేశ్ ఖాన్, స్థానిక వాద్యగాళ్లు కలిసి ఆమెతో 'డిస్కో జాజ్' చేశారు. 1982లో కలకత్తా లేబుల్ మెగాఫోన్ విడుదల చేసింది. నాలుగే పాటలు. సరోద్ పక్కన సింథసైజర్ కూస్తుంటే గిటార్ నవ్వుతూ ఉంటుంది. ఇదీ అప్పట్లో మునిగిపోయింది. యూట్యూబ్‌లో 'ఆజ్ శనిబార్' పాట లక్షల మందికి చేరాక, 2019లో షికాగోకి చెందిన న్యూమెరో గ్రూప్ మళ్లీ తెచ్చింది. సింగ్ రికార్డు, రూపా రికార్డు ఒకే ఏడాదివి, రెండూ దేశంలో ఎవరికీ పట్టనివి. ఆ ఏడాదే 'డిస్కో డాన్సర్' సినిమా దేశాన్ని ఊపేసింది మరి. దాని సంగీత దర్శకుడు బప్పీ లహిరి బెంగాల్‌లోని జల్పాయ్‌గురి మనిషి. ఆయన సింథసైజర్ 1986లో కృష్ణ 'సింహాసనం'తో తెలుగు థియేటర్లలోకి వచ్చింది, 1991లో 'గ్యాంగ్ లీడర్'తో వీధి వీధికీ చేరింది. ఎలక్ట్రానిక్ సంగీతం తనకి తెలియదనే తెలుగువాడు ఆ పాటలకి చిందులు వేసినవాడే.

ఇక దరువు యంత్రాల సంగతి. మళ్లీ రామన్ దగ్గరికే. మామూలు డప్పు లాంటి చర్మాన్ని కొడితే వచ్చే పౌనఃపున్యాలు మూల స్వరానికి 1.59, 2.14, 2.30 రెట్లు ఉంటాయి. పూర్ణ సంఖ్యలు కావు కాబట్టి చెవికి శ్రుతి తెలియదు, మోత మాత్రమే వినిపిస్తుంది. మృదంగం, తబలాల మధ్యలో పూసే నల్లటి ముద్ద వల్ల అవి పూర్ణ సంఖ్యల నిష్పత్తిలోకి వస్తాయని రామన్, శివకాళి కుమార్ 1920లో 'నేచర్' పత్రికలో రాశారు. అంటే మన పూర్వులు మోతని స్వరం చేశారు. టీఆర్-808 తయారుచేసిన ఇంజనీర్లు ఇంకో దారిన పోయారు. అందులో చర్మమూ లేదు, రికార్డు చేసిన డ్రమ్మూ లేదు. చిన్న విద్యుత్ వలయానికి ఒక్క తాకిడి ఇస్తే అది మోగి మోగి ఆరిపోతుంది. దాని బేస్ డ్రమ్‌లో అనుస్వరాలు దాదాపు ఉండవు, వట్టి మూల స్వరమే, సెకనుకి యాభై కంపనాల చుట్టుపక్కల. గుండెకి తగిలే ఆ "ధమ్" అదే. తాళాల చిటపట కోసం రోలాండ్ కావాలనే లోపమున్న ట్రాన్సిస్టర్లు కొని వాడిందంటారు. ఆ ట్రాన్సిస్టర్ల సరఫరా ఆగాక యంత్రం కూడా ఆగింది.

ఫోన్ స్పీకరులో ఈ సంగీతం వినొద్దనడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. సెకనుకి యాభై కంపనాల ధ్వని తరంగం గాలిలో దాదాపు ఏడు మీటర్ల పొడవుంటుంది. గోరంత స్పీకరు దాన్ని కదిలించలేదు. మృదంగమో బేస్ గిటారో అయితే అనుస్వరాల్ని పట్టుకుని మన మెదడు లేని మూల స్వరాన్ని ఊహించుకుంటుంది. 808కి అనుస్వరాలే తక్కువ కాబట్టి ఊహకి ఆధారం దొరకదు. ఫోన్‌లో విని "ఇందులో ఏముంది, టిక్కు టిక్కు తప్ప" అనేవాళ్లు నిజమే చెబుతున్నారు, వాళ్ల దాకా అంతే వచ్చింది. ఓ మాదిరి హెడ్‌ఫోన్లు చాలు. పెద్ద స్పీకర్లు పెట్టుకోవాలనే మోజు న్యూ టౌన్ ఫ్లాటులో వద్దు. పొడవైన తరంగాలు గోడల్ని లెక్కచేయవు, పక్కింటి మాషీమా తలుపు కొడుతుంది.

తొంభైల్లో కథ శాంప్లర్‌ది. ధ్వనిని సెకనుకి 44,100 సార్లు కొలిచి అంకెలుగా దాచడం సీడీల నాటికి మామూలైంది. మనిషి చెవి సెకనుకి ఇరవై వేల కంపనాల దాకా వింటుంది, దానికి రెట్టింపు కన్నా ఎక్కువ సార్లు కొలిస్తే ధ్వని మళ్లీ పూర్తిగా తిరిగొస్తుంది. అంకెలైపోయాక ఏ రికార్డు ముక్కనైనా కోసి, సాగదీసి, తిరగేసి కుట్టొచ్చు. కాలిఫోర్నియాకి చెందిన డీజే షాడో 1996లో చేసిన 'ఎండ్ట్రొడ్యూసింగ్' దాదాపు మొత్తం పాత రికార్డుల ముక్కలతో కుట్టిన బొంత. ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ కుర్రాడు రిచర్డ్ డి. జేమ్స్ యాఫెక్స్ ట్విన్ పేరుతో 1992లో ఇచ్చిన 'సెలెక్టెడ్ యాంబియెంట్ వర్క్స్ 85–92' మరోరకం. దరువు ఉంటుంది కానీ ఊపదు, శ్రుతి ఉంటుంది కానీ మసకగా ఉంటుంది. ఈ వ్యాసంలో ఉన్న ఆల్బమ్‌లన్నిటిలో నేను ఎక్కువసార్లు విన్నది ఇదే. ఎందుకంటే మాత్రం చెప్పలేను.

చివరిగా లండన్‌లోని మనవాళ్లు. తబలా కళాకారుడు తల్వీన్ సింగ్ 1997లో 'అనోఖా' అనే సంకలనం తెచ్చాడు. మరుసటి ఏడాది వచ్చిన అతని 'ఓకే' 1999లో మెర్క్యురీ బహుమతి గెలుచుకుంది. ఇప్పుడు వింటే కొన్నిచోట్ల వయసు కనిపిస్తుంది, తబలా మాత్రం ఇంకా పదును. 'అనోఖా'లో విమానం నంబరే పేరుగా పెట్టుకున్న 'ఫ్లైట్ ఐసీ408' అనే పాట చేసినవాడు స్టేట్ ఆఫ్ బెంగాల్, అసలు పేరు సామ్ జమాన్. ఆయన 2004లో బెంగాల్ పల్లెల బౌల్ పాటలు పాడే పబన్ దాస్ బౌల్‌తో కలిసి 'టానా టానీ' చేశాడు. నన్నడిగితే బెంగాల్ నేల మీద నిలబడి వినాల్సిన ఎలక్ట్రానిక్ ఆల్బమ్ అదే.

బౌల్ గాయకులు చంకలో ఇరికించుకుని మీటే ఖమక్ అనే వాద్యాన్ని గమనించండి. ఒక చిన్న డోలు, దాని చర్మంలోంచి వచ్చే తీగ, తీగ కొనని పట్టుకున్న చెయ్యి. చెయ్యి బిగిస్తే స్వరం పైకి పోతుంది, సడలిస్తే కిందికి జారుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు జముకుల కథ చూసినవాళ్లకి, తెలంగాణలో ఎల్లమ్మ కథ చెప్పే బవనీల జమిడిక విన్నవాళ్లకి ఇది కొత్త కాదు. అవన్నీ ఒకే జాతి వాద్యాలు. రోలాండ్ ఇంజనీర్లు 303కి స్లైడ్ మీట పెట్టడానికి ఎన్నో తరాల ముందే ఈ పల్లె వాద్యాలు ఆ జారుడుని పట్టుకున్నాయి, పైగా జారే వేగం వాయించేవాడి ఇష్టం. జమాన్ యంత్రాల పక్కన పబన్ దాస్ ఖమక్ మోగుతుంటే ఏది తీగో ఏది ట్రాన్సిస్టరో కొన్ని క్షణాలు తేల్చుకోలేం. మన జముకుతో ఇంతటి పని ఎవరూ చేయకపోవడం నాకు చిన్న కోపం. కంప్యూటర్ ముందు కూర్చుని దరువులు కట్టే మన పిల్లలెవరైనా ఈసారి పండక్కి ఇంటికెళ్లినప్పుడు మంచి మైకు ఒకటి పట్టుకెళ్లి, కథ చెప్పేవాళ్లని అడిగి, వాళ్లకి ఇవ్వాల్సింది ఇచ్చి, ఆ ధ్వనిని రికార్డు చేసి తెచ్చుకోవాలి.

వినే పద్ధతి గురించి రెండు ముక్కలు. పాట మధ్యలో దాటేయకండి, ఈ సంగీతంలో మార్పు నెమ్మదిగా వస్తుంది. వారానికి ఒక్క ఆల్బమ్ పెట్టుకుని, రెండు మూడుసార్లు వినండి. న్యూ టౌన్ ఈకో పార్కు చెరువు చుట్టూ నడుస్తూ 'ఆక్సిజెన్' వినొచ్చు. 'కంప్యూటర్ వరల్డ్' 34 నిమిషాలే, సాయంత్రం సెక్టర్ ఫైవ్ ట్రాఫిక్‌లో ఇల్లు చేరేలోపు అయిపోతుంది. రోడ్డు దాటేటప్పుడు మాత్రం చెవులు ఖాళీగా ఉంచండి, టోటోలు, అంటే బ్యాటరీ రిక్షాలు, చప్పుడు చేయవు. వాల్యూమ్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క సూటిగా ఉంది: పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు, ఆపైన మూడు డెసిబెల్స్ పెంచినప్పుడల్లా సమయం సగానికి తగ్గించుకోవాలి. ఫోన్ సెట్టింగుల్లో ఆ పరిమితి ఇవాళే పెట్టుకోండి. 80 దగ్గర ఆపితే ఇక్కడ చెప్పిన ఆల్బమ్‌లన్నీ కలిపి వారంలో మూడుసార్లు విన్నా మీ కోటా దాటదు.